గూడబాతు పిల్ల

పులిపిల్లనో, లేడిపిల్లనో చూచి మురియనివారు అరుదు. గుండ్రని మోము, పెద్దకన్నులు మనలో వాత్సల్యమును రేపునని 1943లో కోన్రాడ్ లోరెంజ్ అను జీవశాస్త్రజ్ఞుడు వ్రాసెను. మన కొల్లేటి గూడబాతు పిల్లకు ఆ భాగ్యము లేదు. పుట్టినపుడు ఒంట ఈకయుండదు, కన్ను తెరవదు. పిమ్మట తెల్లని నూగు వచ్చును. తల్లి ముక్కుక్రింది సంచిలో తల దూర్చి చేపలు తినును. క్రొత్తగా చూచువారు తల్లియే పిల్లను మ్రింగుచున్నదని బెదరుదురు! పెద్దపక్షులు దాదాపు మూగవి. గూళ్లలోని గోలయంతయు పిల్లలదే.

1946లో కె.కె. నీలకంఠన్‌గారు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వీని గూళ్లను కనుగొనిరి. అప్పుడచట ఇంచుమించు 3,000 పక్షులుండెను. ఊరివారికి అవి క్రొత్తవి కావు, శాస్త్రజ్ఞులకే క్రొత్త.

పిల్ల మూడు మొదలు ఐదు నెలలు గూటిని ఆశ్రయించియుండును. అన్నినాళ్లును చెట్టు, చేప, మనుష్యుల ఓర్పు మూడును నిలువవలెను. 1974 ప్రాంతమున ఆరేడును పక్షులు విడిచినవి.

1999లో కొల్లేరు అభయారణ్యమయ్యెను. పెదపాడు వారు కొల్లేటి దక్షిణమున కైకలూరు చెంతనున్న ఆటపాకకు గూళ్లకాలమున పోయి చూతురు గాక: ఇనుప మంచెలపై గూళ్లు, వానిలో అదే గోల.