కాలనీ రోడ్డు మీద కారు ఎవరి పరిధి? హైదరాబాద్ నివాస ప్రాంతాల్లో పార్కింగ్ అధికారాల విభజన

హైదరాబాద్ పాత కాలనీల్లో చాలా గేట్లకు ఒక హెచ్చరిక వేలాడుతుంటుంది: ‘గేటు ముందు బండి పెడితే గాలి తీస్తాం’. రోడ్డు నగరపాలక సంస్థది, బండి పక్కింటివాళ్లది, బోర్డు మాత్రం ఇంటాయనది. ఆయనకు గాలి తీసే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. అయినా ఆ బోర్డు తీయించే నాథుడు లేడు. ఇలా ఎందుకు జరుగుతోందో చట్టాలు, భవన నిబంధనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రాజ్యాంగంలోనే పార్కింగ్ నియంత్రణ మూడు ముక్కలైంది. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు వీధిదీపాలు, బస్టాపులతో పాటు పార్కింగ్ స్థలాలను పురపాలక సంస్థల జాబితాలో చేర్చింది. పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలో ఉంది. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి.

గేటు లోపల

ప్రహరీ లోపల నిబంధనలకు కొదవ లేదు. 2012లో జీవో 168గా వచ్చిన భవన నిబంధనలు అపార్ట్‌మెంట్లలో నిర్మాణ విస్తీర్ణాన్ని బట్టి పార్కింగ్ చూపించాలంటాయి. ఆ చోటును మరో పనికి వాడితే తొలగించే అధికారం మున్సిపల్ యంత్రాంగానిదే. అమ్మకం దగ్గర మరో చట్టం అడుగుపెడుతుంది. స్టిల్టు పార్కింగ్‌ను బిల్డర్ విడిగా అమ్ముకోరాదని మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ఆరుబయట పార్కింగ్‌ను ఉమ్మడి స్థలంగా నిర్వచించింది. ఏ కారు ఏ పిల్లర్ పక్కన ఆగాలన్న రోజువారీ పంచాయితీ మాత్రం అసోసియేషన్ మీటింగుల్లోనే తెగుతుంది.

600 చదరపు గజాల లోపు స్థలంలో, పది మీటర్ల ఎత్తుకు మించని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి 2020లో టీఎస్ బీపాస్ అనే భవన అనుమతుల విధానంతో మొదలైంది. తనిఖీ ఆ తర్వాతి సంగతి. ప్లానులో పార్కింగ్‌గా చూపిన స్టిల్టులో తర్వాత వాచ్‌మన్ గదో, కిరాణా కొట్టో వెలిస్తే అక్కడి బండి వీధిలోకి వస్తుంది.

గేటు బయట

వీధిలోకి వచ్చిన బండికి వర్తించేది 1988 మోటారు వాహనాల చట్టం. ఎక్కడ బండ్లు నిలపవచ్చో స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని 117వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా అది నియమించిన అధికారికి ఇచ్చింది. అంటే పన్ను వసూలు చేసి రోడ్డు వేసే నగరపాలక సంస్థది ఇక్కడ సలహా పాత్రే. దారికి అడ్డంగా బండి పెడితే 122వ సెక్షన్ ఉంది. 127వ సెక్షన్ మరింత పదునైంది: బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి వదిలేసిన వాహనాన్ని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి టోయింగ్ చేయించవచ్చు, చక్రానికి క్లాంపు వేయించవచ్చు.

రాత్రి ఎనిమిదికి ఇంటి ముందు ఆగి, పొద్దున ఎనిమిదికి కదిలే కారుకు అప్పటికే పన్నెండు గంటలు నిండుతాయి. అక్షరాలా చదివితే కాలనీ కార్లలో చాలా ఈ సెక్షన్ కిందికొస్తాయి. అమలులో మాత్రం టోయింగ్ బండి మెయిన్ రోడ్డు దాటి సందుల్లోకి రావడం అరుదు.

కారును రిజిస్టర్ చేసే రవాణా శాఖ చిరునామా అడుగుతుంది, బీమా అడుగుతుంది. బండి ఎక్కడ పెడతారని అడగదు. పార్కింగ్ లెక్క టౌన్ ప్లానింగ్ ఫైల్లోనే ఉండిపోతుంది.

కలిపి చూసిన చోట్లు

జపాన్ 1962 చట్టంతోనే రిజిస్ట్రేషన్‌కు, పార్కింగ్‌కు ముడి వేసింది. కారు రిజిస్ట్రేషన్‌కు పోలీసుల నుంచి పార్కింగ్ స్థల ధ్రువపత్రం తేవాలి. ఆ స్థలం ఇంటికి రెండు కిలోమీటర్లలోపు ఉండాలి. రాత్రిపూట రోడ్డు మీద ఒకేచోట ఎనిమిది గంటలకు మించి నిలపడం నిషిద్ధం.

ఢిల్లీ వేరే దారి పట్టింది. 2019లో వచ్చిన పార్కింగ్ నిబంధనలు ప్రాంతాలవారీగా ప్రణాళిక తయారుచేసే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. నివాస వీధుల్లో అంబులెన్సు, ఫైరింజను వెళ్లే దారి విడిచిన తర్వాతే కార్లకు చోటు. తొలి ప్రయోగానికి లాజ్‌పత్ నగర్‌ను ఎంచుకున్నారు.

ఢిల్లీ పద్ధతి హైదరాబాద్‌కు దగ్గరగా ఉంటుంది. ఇప్పటికే తిరుగుతున్న లక్షల బండ్లను జపాన్‌లా ధ్రువపత్రం అడిగి వెనక్కి పంపలేం. వీధి వెడల్పు కొలిచి, గీతలు గీసి, ఆ పటాన్ని 117వ సెక్షన్ కింద ప్రకటించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కొలత నగరపాలక సంస్థ తీసుకోవాలి, అమలు ట్రాఫిక్ పోలీసులు చూడాలి. ఇద్దరినీ ఒకే ఉత్తర్వులో పేర్కొనాల్సింది రాష్ట్ర ప్రభుత్వం.