పుస్తెలు వినపడతాయి, గొలుసు వినపడదు

శాంటా క్రూజ్ మెయిన్ బీచ్‌లో సాయంత్రం ఆరు కావస్తోంది. పసిఫిక్ వెనక్కి తగ్గుతోంది. మధ్యాహ్నం పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో గంతులేసిన చోట ఇప్పుడు తడి ఇసుక నిగనిగలాడుతోంది. వార్ఫ్ కింది దూలాల మీద సీ లయన్లు ఆపకుండా అరుస్తున్నాయి. వెనకాల జయింట్ డిప్పర్, 1924 నుంచి నడుస్తున్న చెక్క రోలర్ కోస్టర్, ఎక్కి దిగినప్పుడల్లా జనం కేకలు. ఇంత గోలలోనూ, ఇసుకలో పోయిన నగలు వెతికిపెట్టే ఆ పెద్దాయన హెడ్‌ఫోన్లు మెడకు తగిలించుకుని, మెటల్ డిటెక్టర్ ఇంకా ఆన్ చేయకుండా, ప్రశ్నలే వేస్తున్నాడు.

“ఎక్కడ పడిపోయింది?” అని అడగడు. అది తెలిస్తే తనెందుకు? “అప్పుడు మీరు ఎటు తిరిగి ఉన్నారు? నీళ్ళు మోకాలి దాకానా, తొడ దాకానా? అల ఏ పక్కనుంచి తగిలింది?”

తాళి పోగొట్టుకున్న ఆమె మెడలో ఇప్పుడు పసుపుతాడు, దానికి పసుపు కొమ్ము. సన్నీవేల్‌లో మా వంటింట్లోంచి నేనే తీసుకొచ్చాను. “వార్ఫ్ వైపే తిరిగి ఉన్నానండీ. బాబు పడిపోబోతే ఎత్తుకున్నాను. వాడి చెయ్యి నల్లపూసల గొలుసులో చిక్కుకుంది. అంతే, తెగిపోయింది,” అని మళ్ళీ చెబుతోంది. నేను ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. ఆమెకు ఇంగ్లీషు రాక కాదు, ఈ మాటలు ఆ భాషలో రావడం లేదు.

గొలుసు అనగానే పెద్దాయన పెదవి విరిచాడు. “గొలుసు ఒక్కటే అయితే రానని ఫోన్లోనే చెప్పేవాణ్ణి.”

కారణం ఉంది. డిటెక్టర్ చివర ఉండే పళ్ళెం లాంటి చుట్టలోంచి మారుతుండే అయస్కాంత క్షేత్రం ఇసుకలోకి దిగుతుంది. లోహం తగిలితే అందులో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి, ఆ సుడుల ప్రతిస్పందనే చెవిలో మోత. ఉంగరం తెగని వలయం కాబట్టి సుడి దాని చుట్టూ నిండుగా తిరుగుతుంది. సన్నటి గొలుసు ఎంత పొడుగున్నా ఆ యంత్రానికి విడివిడి లంకెలే, ఒక్కొక్కటీ ఆవగింజంత. సముద్రం ఒడ్డున వాటి గొంతు వినపడదు.

“దానికి రెండు పుస్తెలున్నాయి,” అన్నాను. బొటనవేలి గోరంత గుండ్రటి బిళ్ళలు, మధ్యలో ఉబ్బు, 22 క్యారెట్లు అని వేలితో ఇసుక మీద గీసి చూపించాను. ఆయన ముఖం విప్పారింది. “బిళ్ళలా! ముందే చెప్పరేం? అవి పలుకుతాయి.” ఇక్కడివాళ్ళ ఉంగరాలు ఎక్కువగా 14 క్యారెట్లవి, అంటే నూటికి 58 పాళ్ళు బంగారం. మనవి దాదాపు 92. బంగారం పాలు పెరిగేకొద్దీ తెర మీద అంకె కూడా పెరగాలి. కానీ రేకు పలుచన కదా, ఎంతైనా రావచ్చు, ఏ మోత వచ్చినా తవ్వాల్సిందేనని తేల్చేశాడు.

ఆమె భర్త ఫోన్లో మధ్యాహ్నం 1:40కి తీసిన ఫోటో ఉంది. నా లెక్కన ఈ సాయంత్రం పనిచేసిన అసలు పరికరం అదే. ఫోటోలో ఆమె తల వెనక వార్ఫ్ మీది ఒక దీపస్తంభం, సరిగ్గా ఒక పైకప్పు అంచుకు ఆనుకుని కనిపిస్తోంది. ఫోను ఎత్తి పట్టుకుని, ఆ రెండూ మళ్ళీ అలాగే కలిసేదాకా పెద్దాయన పక్కకు పక్కకు జరిగాడు. ఒక గీత దొరికింది. ఆ వేళకు నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో ఆటుపోట్ల పట్టికలో చూసి, ఆ గీత మీద ఎంత దూరం లోపలికి వెళ్ళాలో నిర్ణయించాడు. ఇంత పెద్ద బీచ్ ఒక పెళ్ళి పందిరంత చోటుకు కుదించుకుపోయింది.

తొందర కూడా ఉంది. ఇసుక రేణువు కంటే బంగారం ఎన్నో రెట్లు బరువు. ప్రతి అలా కింది ఇసుకను కదిలిస్తుంది, కదిలినప్పుడల్లా బంగారం ఇంకాస్త కిందికి జారుతుంది. పైగా వేసవిలో ఈ తీరానికి సముద్రం కొత్త ఇసుక తెచ్చి పోస్తుంది, చలికాలపు తుఫాన్లు వస్తే గాని అది కోసుకుపోదు. ఇదే శాన్‌ఫ్రాన్సిస్కో ఓషన్ బీచ్‌లో అయితే ఆయన వచ్చేవాడే కాదు. అది నేషనల్ పార్క్ సర్వీస్ కింది తీరం, అక్కడ డిటెక్టర్ వాడటం నిషేధం.

తవ్వుగరిట పిడితో ఇసుక మీద గీత గీస్తూ నడుస్తున్నాడు. గీత చివర తిరిగి, దాని పక్కనే ఇంకో గీత. చుట్టను నేలకు బెత్తెడు ఎత్తులో కాకుండా దాదాపు తాకిస్తూ, ఒక ఊపు మీద సగం ఇంకో ఊపు పడేలా కదుపుతున్నాడు. ఒక హెడ్‌ఫోన్ నా చెవికి ఆనించాడు. ముందు ఉప్పునీటి గుసగుస. ఉప్పునీరు కూడా విద్యుత్తును పారిస్తుంది కాబట్టి నాసిరకం యంత్రం ఇక్కడ ఊరికే కూస్తుంది. దీనిది ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో పనిచేసే రకం, కాస్త నిమ్మళంగా ఉంది. ఇంతలో టిక్‌మని ఒక మోత. గరిట దిగింది, అలలో జాడిస్తే ఇసుక రంధ్రాల్లోంచి కారిపోయింది, అడుగున డబ్బా మూత తీసే అల్యూమినియం రింగు. బంగారానికీ దీనికీ యంత్రం ఒకే రకం అంకె చూపిస్తుంది. “దీన్ని వద్దనుకుని వదిలేసేవాడికి ఉంగరాలు దొరకవు,” అన్నాడు, జేబులో వేసుకుంటూ. తర్వాత ఒక పావు డాలరు, జడపిన్ను, బొమ్మకారు చక్రం, మళ్ళీ రింగులు.

టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ కూడా 1881లో ఇలాగే వెతికాడు. అప్పటి అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం. మంచంలోని ఇనప స్ప్రింగులు మోత పెట్టి గందరగోళం చేశాయి. పైగా డాక్టరు తూటా ఉందని తాననుకున్న పక్కనే చూడనిచ్చాడు. యంత్రం మంచిదే, తప్పు చోట పెట్టారు. పెద్దాయన ముందు అన్నన్ని ప్రశ్నలు ఎందుకు అడిగాడో అది గుర్తొచ్చాక నాకు బాగా అర్థమైంది.

వార్ఫ్ దీపాలు వెలుగుతున్నాయి. భర్త ఇప్పటికి “ఇక చాలేమో” అని రెండుసార్లు అనబోయి ఊరుకున్నాడు. పెద్దాయన ఆగాడు. అడ్డంగా ఊపాడు, నిలువుగా ఊపాడు. అటూ ఇటూ ఒకే మోత, మెత్తగా, అంచులు గీరుకుపోకుండా. మొదటి గరిటలో ఏమీ లేదు. గుంతలో మళ్ళీ చుట్ట పెట్టాడు, ఇంకా పలుకుతోంది. రెండో గరిట. ఇసుక కారింది. ముందు నల్లపూస ఒకటి, దాన్ని లాగితే గొలుసు ముక్క, గొలుసుకు వేలాడుతూ ఒక పుస్తె.

ఆమె రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. భర్త పర్సు తీస్తే పెద్దాయన వారించాడు. “రెండోది కూడా రానివ్వండి. అప్పుడు పెట్రోలుకు ఇద్దురుగాని.”

అంతలో ఫోను మోగింది. తెనాలిలో తెల్లారింది, అత్తగారి కాఫీ వేళ వీడియో కాల్. బాబు లాక్కుని ఎత్తేశాడు. “నానమ్మా! అమ్మ తాళి సముద్రంలో పడిపోయింది, ఒకటే దొరికింది!”

ఒక్క క్షణం అవతల మాట లేదు. తర్వాత, “ఏది దొరికింది? మీ పుట్టింటిదా, మాదా?” లక్ష్మీదేవి బొమ్మ ఉన్నది అత్తింటివాళ్ళది, నున్నగా ఉన్నది పుట్టింటిది. అరచేతిలో అది బోర్లాపడి, ఇసుక కరుచుకుని ఉంది.

“మీదే అత్తయ్యా,” అంది ఆమె, తిప్పి చూడకుండానే.

“అదీ!” అంది ఆవిడ. “అది మా అత్తగారు గట్టిగా చేయించింది.”

పెద్దాయన ఆ గుంతకు జానెడు అవతల అప్పటికే గరిట దించాడు. ఈసారి బీరు సీసా మూత.