ఆకాశం నుంచి కృష్ణా డెల్టా: వరద, తీరపు కోత చిత్రాలు చారిత్రక ఆధారాలుగా

లక్ష్యం: ఈ భాగం చదివిన తరువాత మీరు వైమానిక, ఉపగ్రహ, డ్రోన్ చిత్రాలు ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో కృష్ణా డెల్టా ఉదాహరణతో వివరించగలుగుతారు.

1. పరిచయం

బెజవాడ వద్ద 1852–55 మధ్య ఆనకట్ట కట్టిన తరువాత కృష్ణ వరదలకు ప్రధాన ఆధారాలు నీటిమట్టం లెక్కలు, రెవెన్యూ దాఖలాలు, జనం జ్ఞాపకాలు. ఇవి నీరు ఎంత వచ్చిందో చెబుతాయి. ఏ ఊళ్ల మీదుగా పారిందో, ఎక్కడ నిలిచిందో ఒక్క చూపులో చూపవు. ఆ లోటును తీర్చింది ఆకాశం నుంచి తీసిన చిత్రం. 1858లో పారిస్ సమీపంలో నదార్ బెలూన్ ఎక్కి ఫొటో తీశాడు. 1924లో బర్మాలోని ఇరావతి డెల్టా అడవులను విమానం నుంచి ఫొటోలు తీసి సర్వే చేశారు.

2. దివిసీమ నుంచి బుడమేరు వరకు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తేనాటికి మనకు సొంత రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం లేదు. ఐఆర్‌ఎస్-1ఎ 1988లో కక్ష్యలోకి వెళ్లింది. అయితే మామూలు కెమెరాకు మబ్బు అడ్డం; వరద వచ్చేది మబ్బు పట్టిన రోజుల్లోనే. 2012లో ప్రయోగించిన రీశాట్-1 వంటి రాడార్ ఉపగ్రహాలు ఈ ఇబ్బందిని దాటాయి. రాడార్ తరంగాలు మబ్బుల గుండా పోతాయి. నిశ్చలమైన నీరు వాటిని పక్కకు మళ్లిస్తుంది కనుక ముంపు ప్రాంతం చిత్రంలో నల్లగా కనిపిస్తుంది.

ఇళ్లు కిక్కిరిసిన చోట మాత్రం గోడలు తరంగాలను వెనక్కి కొడతాయి. వీధిలో నీరున్నా తెలియడం కష్టం. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు గండ్లు పడి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్ తదితర ప్రాంతాలు మునిగినప్పుడు డ్రోన్లకు ప్రాధాన్యం రావడానికి ఇదొక కారణం. డ్రోన్లు దృశ్యాలు తీయడమే కాదు, ఆహార పొట్లాలూ చేరవేశాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కృష్ణ నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు కాలువ నీరు నదిలోకి సులువుగా దిగదు. ఈ సంబంధం ఒక్క వీడియోలో దొరకదు; రెండు ప్రవాహాలనూ కలిపి చూడాలి.

3. కనిపించని నష్టం: తీరపు కోత

వరద రోజుల్లో జరుగుతుంది. కోత దశాబ్దాల్లో జరుగుతుంది. దాన్ని పట్టుకోవాలంటే వేర్వేరు సంవత్సరాల చిత్రాలను ఒకదాని మీద ఒకటి పెట్టి తీరరేఖలను పోల్చాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 1965–2008 మధ్య 336 కి.మీ. పొడవున్న కృష్ణా, గోదావరి డెల్టాల తీరాన్ని ఇలా పరిశీలించి, నికరంగా సుమారు 76 చదరపు కి.మీ. నేల సముద్రం పాలైనట్టు తేల్చారు.

కారణం నది ఎగువనే ఉంది. డెల్టాను కట్టింది ఒండ్రు. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల్లో అది ఆగిపోతున్నది. కృష్ణ దిగువకు తెచ్చే ఒండ్రు 1966–69లో ఏటా సుమారు 90 లక్షల టన్నులు. 2000–05 నాటికి 4 లక్షల టన్నుల స్థాయికి పడిపోయింది. అలలు తీసుకుపోయేదాన్ని నది తిరిగి పూడ్చలేకపోతున్నది. పైరుకు నీరిచ్చిన కట్టడాలే తీరానికి మట్టి అందకుండా చేశాయి. లాభం పొందినవారు, నష్టపోయినవారు ఒకరే కారు.

4. ఆధారాన్ని ప్రశ్నించడం

చిత్రాన్ని చూడగానే మూడు విషయాలు అడగండి. ఎప్పుడు తీశారు? నీరు తీసిన తరువాతి చిత్రం గరిష్ఠ ముంపును తక్కువగా చూపుతుంది. తీరమైతే, పోటు సమయమా, పాటు సమయమా? ఎవరు, ఎందుకు తీశారు? చిత్రంలో లేనిదేమిటి? ముంపు పటం ఇంటి కప్పును చూపుతుంది. ఆ ఇంట్లో అద్దెకున్న కుటుంబం పోగొట్టుకున్న సామాన్లను చూపదు. పరిహారం జాబితా పటం ఆధారంగానే తయారైతే అలాంటివారు మిగిలిపోయే ప్రమాదముంది. కనుక పటాన్ని క్షేత్ర విచారణతో సరిచూడాలి.

5. సారాంశం

వరద చిత్రం తొందరగా మన దృష్టిని లాగుతుంది. కోత చిత్రం ఓపికగా పోల్చితేనే అర్థమవుతుంది. రెండూ ఒకే నది చరిత్రలో భాగాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రాడార్ చిత్రం పట్టణ వరదలో ఎందుకు పూర్తిగా సరిపోదు?
2. జలాశయాలకూ తీరపు కోతకూ సంబంధాన్ని వివరించండి.
3. గవర్నర్‌పేట నుంచి హంసలదీవి వరకు పటంలో కృష్ణ కాలువలను, పాయలను గుర్తించి, ఎక్కడ వరద భయం, ఎక్కడ కోత భయం ఎక్కువో కారణాలతో రాయండి.