ఎరుపు వదిలేసిన వెలుగు

ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కితే ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్ దాటాక జామియా ఉస్మానియా వస్తుంది. దాని తర్వాతిది ఆర్ట్స్ కాలేజీ. ఎండని రంగుతో పట్టి కరెంటు చేసే కథలో హైదరాబాద్ వంతు ఈ రెండు స్టేషన్ల చుట్టుపక్కలే నడిచింది. ఇటు ఉస్మానియా యూనివర్సిటీ, కాస్త అవతల తార్నాకలో రసాయనాల పరిశోధన సంస్థ ఐఐసీటీ. పాతబస్తీ నుంచి చదువుకోడానికి రోజూ ఆ బండెక్కే పిల్లలకి ఈ కథ ఎవరూ చెప్పలేదు. చెప్పాలి.

ఉస్మానియాలో ఎమ్మెస్సీ, ఇనార్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ 1986లో దక్కన్ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరారు. తర్వాత కొన్నాళ్లు భావ్‌నగర్‌లోని ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థలో పనిచేశారు. 1987లో భారత ప్రభుత్వ ఫెలోషిప్ వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మైకేల్ గ్రేట్జెల్ ల్యాబ్‌కి వెళ్లారు. ఏడాది పనికి వెళ్లిన మనిషి అక్కడే స్థిరపడ్డారు.

ఆ ల్యాబ్‌ని అప్పుడు వేధిస్తున్న చిక్కు వినడానికి చిన్నది. రంగు వెలుగుని పీల్చుకుంటుంది, నిజమే. కానీ నున్నటి గాజు మీద ఒక్క అణువు మందాన రంగు పూస్తే, పడిన వెలుగులో నూటికి ఒక వంతు కూడా చిక్కదు. మందంగా పూస్తే పైపొరలో పుట్టిన ఎలక్ట్రాన్ కిందికి చేరేలోపే ఆరిపోతుంది. దీనికి విరుగుడు తెల్ల పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడ్‌లో దొరికింది. దాని స్ఫటికాలని ఓ పదిహేను, ఇరవై నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లో వంతు) సైజుకి తెచ్చి, గాజు మీద పరిచి కాలుస్తారు. గింజకి గింజ తగిలిన చోట మాత్రమే అతుక్కుని, మధ్యలో సందులు మిగిలిపోతాయి, మరమరాల ఉండలా. వెంట్రుక మందం కూడా లేని ఆ పొర లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే, అది ఆక్రమించిన చోటుకి కొన్ని వందల రెట్లు. దాన్ని రంగు నీళ్లలో ముంచితే ప్రతి గోడకీ ఒక్క అణువు మందాన రంగు అంటుకుంటుంది. 1991లో బ్రయాన్ ఓ'రెగన్, గ్రేట్జెల్ కలిసి నేచర్ పత్రికలో ఈ సోలార్ సెల్ గురించి రాసినప్పుడు ఎండని కరెంటుగా మార్చే సామర్థ్యం 7 శాతం దాటింది.

రెండేళ్లకి, 1993లో, దాన్ని 10 శాతానికి తీసుకెళ్లిన రంగు పేరు ఎన్3. రుథీనియం లోహంతో చేసిన ముదురు ఎరుపు. ఎన్ అంటే నజీరుద్దీన్. ఆ తర్వాత వచ్చిన ఎన్719ని ఈనాటికీ ప్రపంచంలో ఏ ల్యాబ్ కొత్త రంగు చేసినా పక్కన పెట్టి పోల్చి చూసుకుంటుంది.

అయితే ఆ ఎరుపు అణువులు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాటిన వెలుగుని దాదాపు వదిలేస్తాయి. సూర్యుడు పంపే శక్తిలో చాలా భాగం ఆ అవతలే ఉంది. పైగా రుథీనియం అరుదైన లోహం, ఖరీదు.

ఆ వదిలేసిన వెలుగుని పట్టగల నీలం 1928లోనే బయటపడింది, అదీ ప్రమాదవశాత్తు. స్కాట్లాండ్‌లోని గ్రేంజ్‌మత్‌లో ఒక రంగుల ఫ్యాక్టరీ. లోపల గాజు పూత వేసిన ఇనుప పాత్రలో థాలిమైడ్ తయారవుతోంది. పూత ఒకచోట పగిలింది. మరుగుతున్న సరుకు ఇనుముని తాకింది. తెల్లగా రావాల్సిన పదార్థంలో ముదురు నీలం చారలు కనిపించాయి. పాడైన సరుకని పారబోయకుండా ఆ చారలేమిటని ఆరా తీసినవాళ్లకి నేను మనసారా దండం పెడతాను. లండన్‌లో పాట్రిక్ లిన్‌స్టెడ్ దాని నిర్మాణం తేల్చి థాలోసయనిన్ అని పేరు పెట్టాడు. ఇనుము బదులు రాగి కూర్చిన నీలమే తర్వాత సిరాల్లోకీ, పెయింట్లలోకీ, ప్లాస్టిక్ బకెట్లలోకీ వచ్చింది. ఆకుల్లోని పత్రహరితానికి ఇది దగ్గరి చుట్టం. సుమారు 700 నానోమీటర్ల దగ్గరే వెలుగుని దండిగా తాగుతుంది.

మరి సోలార్ సెల్‌లో ఎందుకు పనికి రాలేదు? బల్లపరుపు అణువులు కావడంతో ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. ఎలక్ట్రాన్ ఎటు పోవాలో దారి ఉండదు. ఏళ్ల తరబడి ఒక శాతం దాటడమే గగనమైంది.

ఐఐసీటీలో లింగమయ్య గిరిబాబు, ఎం. లక్ష్మీకాంతం వంటి రసాయన శాస్త్రవేత్తలు పట్టుకున్నది ఈ చిక్కునే. అణువుకి నాలుగు మూలలు. మూడింటికి గుబురుగా ఉండే టెర్ట్-బ్యూటైల్ గుంపులు తగిలిస్తే అణువులు మీద మీద పడవు, పైగా ఎలక్ట్రాన్లని అవతలికి నెడతాయి. నాలుగో మూలన రెండు కార్బాక్సిలిక్ ఆమ్లం చేతులు. అవి టైటానియం డయాక్సైడ్ గోడని పట్టుకుని ఎలక్ట్రాన్‌ని అటు లాగుతాయి. మధ్యలో జింక్.

కాగితం మీద గీయడం తేలిక. ఇలాంటి అణువు చేసిన ప్రతి ల్యాబ్‌కీ తర్వాతి కష్టం తెలుసు. రెండు రకాల ముక్కలు కలిపి వేడి చేస్తే అవి తమకి తోచినట్టు జతకడతాయి. ఆరు రకాల సరుకు పుట్టవచ్చు, కావలసింది ఒక్కటే. పొడవాటి గాజు కాలమ్‌లో సిలికా నింపి, పైన ఆ ముద్ద పోసి, ద్రావకం వదులుతారు. నీలం, ఆకుపచ్చ నీలం, ఇంకో నీలం. పట్టీలు పట్టీలుగా, చాలా నెమ్మదిగా కిందికి దిగుతాయి. ఒకదానికొకటి కవల పిల్లల్లా కనిపించే ఆ నీలాల్లో తమ నీలం ఏదో పసిగట్టడానికి కళ్లు కాయలు కాస్తాయి. పట్టీ మారేలోపు కింద గాజు గొట్టం మార్చాలి.

చివరికి చేతికొచ్చినదానికి పీసీహెచ్001 అని పేరు. హైదరాబాద్, లోజాన్ కలిసి దాన్ని సెల్‌గా కట్టి కొలిచాయి. 2007లో అంగెవాంటె కెమీ పత్రికలో వచ్చిన ఆ వ్యాసంలో పి.వై. రెడ్డి పేరు మొదట ఉంది, గ్రేట్జెల్, నజీరుద్దీన్ పేర్లు చివర. మొత్తం సామర్థ్యం 3.05 శాతం. పదకొండు దాటిన రుథీనియం పక్కన ఈ అంకె చిన్నదే. కానీ చూడాల్సిన అంకె వేరే ఉంది. 690 నానోమీటర్ల దగ్గర పడిన ప్రతి నూరు కాంతి కణాలకీ 75 ఎలక్ట్రాన్లు బయటికి వచ్చాయి. ఎరుపు రంగు చేతులెత్తేసే చోట ఈ నీలం పని మొదలుపెట్టింది. మన ఊళ్లో చేసిన పనిని రికార్డుల పట్టికలో వెతికితే కనపడదు. వెలుగు వర్ణపటంలో ఖాళీగా ఉన్న చోట వెతకాలి.

అదే స్విట్జర్లాండ్‌లో, బెర్న్‌లో, రంగుతో వెలుగుని పట్టడానికి గియాన్ కాల్జఫెరి ఇంకో దారి తొక్కారు. జియోలైట్ ఎల్ అనే స్ఫటికానికి ఒంటినిండా సన్నటి సొరంగాలు. ఒక్కో సొరంగంలో రంగు అణువులని వరసగా దూర్చి, ఒకటి పట్టిన శక్తి పక్కదానికి, అక్కడి నుంచి ఆ పక్కదానికి దూకేలా చేశారు. ఆకు లోపల జరిగేది కూడా ఇదే.

2011లో పత్రహరితానికి చుట్టమైన పార్ఫిరిన్ రంగు, రుథీనియం అవసరమే లేకుండా, ఇంకో రంగు తోడుగా, 12.3 శాతం సాధించింది. ఆ వ్యాసకర్తల్లోనూ నజీరుద్దీన్ ఉన్నారు. 2014లో ఆయనకి గ్రేట్జెల్ ల్యాబ్ ఉన్న లోజాన్ సంస్థ ప్రొఫెసర్ హోదా ఇచ్చింది. అదే క్యాంపస్‌లో కట్టిన స్విస్‌టెక్ సమావేశ మందిరం ముఖాన దాదాపు 300 చదరపు మీటర్ల మేర ఎరుపు, ఆకుపచ్చ, నారింజ అద్దాలు నిలబెట్టారు. అవన్నీ గ్రేట్జెల్ సెల్స్. 1884లో పునాది పడిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లోనూ రంగు అద్దాలున్నాయి. అవి ఎండకి రంగు అద్ది గదిలోకి పంపుతాయి. లోజాన్ అద్దాలు ఆ పని చేస్తూనే కరెంటు కూడా ఇస్తాయి.

సిలికాన్ పలకలు నీరసపడే మసక వెలుగులో, గది లోపలి బల్బు వెలుతురులో, ఈ రంగు సెల్స్ బాగా నిలబడతాయి. నీడ ఎక్కువ, ఎండ తక్కువ పడే ఇరుకు వీధులున్న ఊరు మనది. ఇక్కడ ఒక బస్ షెల్టర్‌కైనా ఇలాంటి అద్దం పెట్టి చూడాలి. రంగు చేసే విద్య తార్నాకలోనే ఉంది.