బ్రాకెట్లో పుట్టినవాడికి తండ్రెవరు?

లినక్స్ టెర్మినల్ తెరిచి ‘ఎకో డాలర్ పీపీఐడీ’ అని కొడితే ఓ అంకె వస్తుంది. 4120 అనుకుందాం. టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే షెల్‌ను పుట్టించిన ప్రాసెస్ నంబరు అది. ఇప్పుడు అదే కమాండును బ్రాకెట్ల మధ్య పెట్టి కొట్టాలి. బ్రాకెట్లు కనబడగానే షెల్ తనలాంటి ఇంకో షెల్‌ను, అంటే సబ్‌షెల్‌ను, కని, పని దానికి అప్పగిస్తుంది. కన్నది మొదటి షెల్ కనుక దాని నంబరే రావాలి కదా! రాదు. మళ్లీ 4120. తండ్రి పేరు అడిగితే తాత పేరు చెప్పినట్టు.

బాష్ అనే షెల్ మాన్యువల్ తిరగేస్తే పీపీఐడీకి రెండే ముక్కలు కనిపిస్తాయి: షెల్ తండ్రి ప్రాసెస్ నంబరు, మార్చడానికి వీల్లేదు. ఏ షెల్, ఏ క్షణాన అన్న ఊసే లేదు. అదే మాన్యువల్, షెల్ సొంత నంబరు చెప్పే ‘డాలర్ డాలర్’ దగ్గరికొచ్చేసరికి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది. సబ్‌షెల్‌లో అడిగితే దాని నంబరు కాదు, దాన్ని పిలిచిన షెల్ నంబరు వస్తుందని విడమరిచింది. పక్కవాడికి చెప్పిన జాగ్రత్త పీపీఐడీకి చెప్పలేదు.

ఈ తిరకాసు మూలం చాలా పాతది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 మీద యునిక్స్‌కు పునాది వేశాడు. కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ‘ఫోర్క్’ ఆ యంత్రం మీదే, 27 వరుసల అసెంబ్లీ కోడ్‌తో, పని మొదలుపెట్టిందని డెనిస్ రిచీ తర్వాత రాశాడు. ఫోర్క్ చేసేది నకలు తీయడం. తండ్రి జ్ఞాపకంలో ఉన్నదంతా, వేరియబుల్స్‌తో సహా, బిడ్డకు దిగుతుంది. బ్రాకెట్లో పుట్టిన షెల్ మళ్లీ మొదటి నుంచి తయారవదు. నకల్లో ఉన్న 4120నే అప్పజెబుతుంది.

డేవిడ్ కార్న్ రాసిన కార్న్ షెల్‌లోనూ ఈ పీపీఐడీ ఉంది. దాని సంగతి కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది మాత్రం యునిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం రాసిన పోజిక్స్ ప్రమాణమే. షెల్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి రాసుకునే విలువ ఇదని, సబ్‌షెల్‌లోనూ అదే ఉండాలని చెప్పి, బ్రాకెట్లతో ఒకటి, లేకుండా ఒకటి ఉదాహరణ కూడా ఇచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరులాంటిదన్నమాట.

ఆ తండ్రి పోతే?

టెర్మినల్‌లో ‘బాష్’ అని కొట్టి కొత్త షెల్‌లోకి వెళ్లాలి. అక్కడ, నిమిషం నిద్రపోయి లేచి పీపీఐడీ చెప్పే చిన్న స్క్రిప్టును బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలి, ‘ఎగ్జిట్’ అనాలి. తండ్రి షెల్ పోయింది. అనాథ అయిన స్క్రిప్టును కెర్నల్ ఒకటో నంబరు ప్రాసెస్‌కు దత్తత ఇచ్చేస్తుంది. కొన్ని లినక్స్‌లలో ఆ బాధ్యత వాడుకరి తరఫున నడిచే సిస్టమ్‌డీది. నిమిషం గడిచాక స్క్రిప్టు లేచి, పోయినవాడి నంబరే చెబుతుంది. అదే స్క్రిప్టు గురించి, ప్రాసెస్‌ల వివరాలు చూపే ‘పీఎస్’ కమాండును అడిగితే పెంచినవాడి నంబరు చూపిస్తుంది. పీఎస్ కెర్నల్ లెక్కలు చూసి చెబుతుంది. పీపీఐడీకి ఉన్నది పాత కాగితమే.

బాష్‌కు 2009లో నాలుగో వెర్షన్‌తో ‘బాష్‌పీఐడీ’ వచ్చింది. సబ్‌షెల్ తన అసలు నంబరు చెప్పుకోగలిగింది. అసలు తండ్రి నంబరు చెప్పే తోడు వేరియబుల్ మాత్రం రాలేదు. అందుకే బ్రాకెట్లో ఉన్నవాళ్లు ఆ బాష్‌పీఐడీని పీఎస్‌కు ఇచ్చి తండ్రెవరో అడుగుతారు.