గష్తీలు చెల్లని ఊరు: షోలాపూర్, నిజాం రాజ్యంలో మతస్వేచ్ఛ పోరు

షోలాపూర్ సాఖర్ పేఠ్, భవానీ పేఠ్‌లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. కరువుకు తాళలేక, మగ్గానికి పనిలేక తెలంగాణ పద్మశాలీలు ఇక్కడికి తరలివచ్చారు. 1877లో తొలి నూలు మిల్లు వెలిశాక ఆ వలస మరింత పెరిగింది. వాళ్లు దాటివచ్చినది నిజాం సరిహద్దు. షోలాపూర్ అప్పట్లో బొంబాయి ప్రెసిడెన్సీలోది. తుల్జాపూర్ వైపు కొంత దూరం పోతే మళ్లీ నిజాం ఏలుబడే.

హైదరాబాద్ రాజ్య ప్రజల్లో నూటికి ఎనభై మందికి పైగా హిందువులు. అక్కడ పూజకు అడ్డు లేదు. భద్రాచలం వంటి ఆలయాలకు సర్కారు నిధులు కూడా అందేవి. అదుపంతా జనం కూడడం మీదే. కొత్త గుడి కట్టాలన్నా, ఊరేగింపు తీయాలన్నా, బయటి ప్రచారకుణ్ణి పిలవాలన్నా అనుమతి కావాలి. 1920ల చివర వచ్చిన గష్తీ నిషాన్ తిర్పన్ (53వ నంబరు సర్కారు ఉత్తర్వు) బహిరంగ సభలకూ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. మతమూ రాజకీయమూ ఒకే సంకెలలో పడ్డది అక్కడే. గ్రంథాలయ సభ పెట్టుకునేవారికీ, హోమం చేసుకునేవారికీ ఎదురైంది ఒకే సర్కారు గుమ్మం.

హైదరాబాద్‌లో 1892 నుంచి పనిచేస్తున్న ఆర్యసమాజం ఈ ఆంక్షలను ధిక్కరించింది. 1938 డిసెంబరులో ఉద్గీర్ ఆర్యసమాజ నాయకుడు శ్యామ్‌లాల్ బీదర్ జైలులో మరణించాడు. అదే నెల చివర షోలాపూర్‌లో ఎం.ఎస్. ఆణే అధ్యక్షతన ఆర్య మహాసమ్మేళనం జరిగింది. నిజాం గష్తీ చెల్లని ఊరు, రైలెక్కితే నిజాం రాజ్యంలోని గుల్బర్గా దగ్గర. అందుకే ఆర్యసమాజ సత్యాగ్రహానికి ఇదే స్థావరమైంది. 1939 జనవరి చివర ఆర్యసమాజ నాయకుడు నారాయణస్వామి తొలి దళాన్ని నడిపించాడు. దేశం నలుమూలల నుంచి వచ్చిన వేలమంది జైళ్లు నింపారు. కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు. జూలైలో నిజాం సంస్కరణలు ప్రకటించాడు, ఆగస్టులో సత్యాగ్రహం ఆగింది. మరుసటి ఏడు షోలాపూర్‌లో దయానంద్ కళాశాల వెలిసింది.

ఆశ్రయమిచ్చిన ఊరు కూడా స్వేచ్ఛ కలిగినది కాదు. 1930 మేలో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ మార్షల్ లా విధించింది. జాతీయ జెండా పట్టుకోవడమే నేరమైంది. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుస్సేన్‌లను ఎరవాడ జైలులో ఉరితీశారు. హిందువులూ ముస్లిమూ ఒకే పోరులో ప్రాణమిచ్చిన ఊరది.

ఆ ఐక్యత 1938 నాటికి నిలవలేదు. ఆర్యసమాజంతోపాటు హిందూ మహాసభ కూడా రంగంలో దిగింది. తన ఉద్యమం మతోద్యమంతో కలిసిపోతుందన్న భయం కూడా ఉండి, రాజకీయ హక్కుల కోసం విడిగా సత్యాగ్రహం చేస్తున్న హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఆ డిసెంబరులోనే దాన్ని ఆపేసింది. ఆ భయం ఉత్తది కాదు; రాజకీయ పోరుకు మతం రంగు అంటితే ఏమవుతుందో పదేళ్లకు తేలింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన కూలాక దెబ్బ సామాన్య ముస్లింల మీద పడింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం మృతులు 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా నష్టపోయిన నాలుగు జిల్లాల్లో షోలాపూర్ పక్కనున్న ఉస్మానాబాద్, గుల్బర్గా ఉన్నాయి. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.