ఓడ కొన్నారు... సరుకే ఇవ్వనివ్వలేదు!

1919 ఏప్రిల్ 5. బొంబాయి రేవు నుంచి ‘లాయల్టీ’ ఓడ లండన్‌కు బయల్దేరింది. కొత్తదేం కాదు. 1891లో కెనడియన్ పసిఫిక్ కంపెనీకి ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’గా తయారై, మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి ఓడగా పనిచేసి, గ్వాలియర్ మహారాజు నుంచి వ్యాపారవేత్తలు వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీల చేతికొచ్చింది. ఆ రాజవంశం పేరే కంపెనీకీ పెట్టారు: సింధియా స్టీమ్ నావిగేషన్. నాలుగేళ్లకే లాయల్టీ తుక్కు కిందకి పోయింది. కంపెనీ మాత్రం సరుకు ఓడలు కొని బర్మా బియ్యం రవాణాలోకి దిగింది.

అక్కడ కాచుకుని ఉంది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. విశాఖ, కాకినాడల నుంచి మన కూలీలు డెక్కు టిక్కెట్టుతో రంగం (రంగూన్) వెళ్లింది ఆ కంపెనీ ఓడల్లోనే. దాని అసలు ఆయుధం ఫిరంగి కాదు, లెక్కల పుస్తకం. రంగూన్‌లో ఓ బియ్యం వర్తకుడికీ, కంపెనీ ఏజెంటుకీ మధ్య మాటలు ఇలా సాగి ఉంటాయి:

“ఈసారి సింధియా ఓడలో పంపుదామనుకుంటున్నానండీ. కిరాయి తక్కువంటున్నారు.”

“పంపుకోండి శెట్టిగారూ, మాకేం? మీకు మేం వెనక్కివ్వాల్సిన రాయితీ పుస్తకంలోంచి కొట్టేస్తాం, అంతే.”

కట్టిన కిరాయిలో కొంత భాగం వర్తకుడికి తిరిగొస్తుంది. కానీ వెంటనే కాదు, కొన్ని నెలలు ఆగాక. ఈలోపు ఒక్క బస్తా పరాయి ఓడ ఎక్కినా ఆ డబ్బు గల్లంతు. కిరాయి తక్కువని వేరే ఓడ వంక చూసే ధైర్యం ఇంకెవరికుంటుంది? పైగా పోటీలో కిరాయిలు ఇష్టం వచ్చినట్టు తగ్గించి నష్టాలు భరించగల సత్తా పెద్ద కంపెనీకే ఉంది. 1923లో సింధియా రాజీపడక తప్పలేదు. ఓడల పరిమాణానికి హద్దు, విదేశీ మార్గాలకు నిషేధం, పదేళ్ల గడువు.

కంపెనీ గెలవలేని చోట చట్టం గెలవాలి. 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు: భారత తీరవ్యాపారం భారతీయుల ఓడలకే. అది చట్టం కాలేదు సరికదా, 1935 భారత ప్రభుత్వ చట్టం బ్రిటిష్ ఓడలపై వివక్ష చూపకూడదని ఏకంగా రాసిపెట్టింది. మన రేవుల్లో మన ఓడకు మొదటి చోటివ్వడం వివక్షట!

వాల్‌చంద్ ఊరుకోలేదు. 1941 జూన్ 21న విశాఖలో బాబూ రాజేంద్రప్రసాద్ చేత నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేయించారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపై బాంబులేశాయి. పని ఆగిపోయింది. చివరికి 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ఎనిమిది వేల టన్నుల ‘జలఉష’ నీట దిగింది. విశాఖలో సింధియా జంక్షన్ పేరు ఆ కంపెనీ నుంచి వచ్చిందే.

అప్పటికే సర్ సి.పి. రామస్వామి అయ్యర్ అధ్యక్షతన ఏర్పడిన ఉపసంఘం 1947లో తీరవ్యాపారం నూటికి నూరుపాళ్లూ మనదే కావాలని, మొత్తం 20 లక్షల టన్నుల ఓడలు సమకూర్చుకోవాలని సిఫారసు చేసింది. 1950ల మొదట్లోనే తీరవ్యాపారం మన చేతికొచ్చింది. విశాఖలో కట్టే ఓడ బ్రిటన్ ధర కంటే ఖరీదైతే ఆ తేడాను ప్రభుత్వం భరించింది. 1952లో ఆ నౌకానిర్మాణ కేంద్రంలో మూడింట రెండు వంతుల వాటా తీసుకుంది. తర్వాత 1958లో మర్చంట్ షిప్పింగ్ చట్టం, 1961లో షిప్పింగ్ కార్పొరేషన్ వచ్చాయి.

2025లో ఆ పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చారు, తీర నౌకాయానానికి వేరే చట్టం చేశారు, నౌకానిర్మాణానికి రూ. 69,725 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. మంచిదే. అయితే మన విదేశీ వాణిజ్య సరుకులో భారతీయ ఓడలు మోసేది ఇప్పటికీ నూటికి అయిదు వంతుల దరిదాపుల్లోనే ఉంది. ఓడలు కట్టించడానికి డబ్బిస్తున్న ప్రభుత్వం, తన చమురు సంస్థల సరుకును ఏళ్ల తరబడి సాగే ఒప్పందాలతో ఆ ఓడలకే అప్పగించాలి. లాయల్టీ నాటి నుంచి మన ఓడలకు కరువైంది అదే.